కప్పు వేసిన కళ్లం

కళ్లానికి ఎండ కావాలి, గాలి కావాలి. నూర్చి తూర్పారబట్టే నాలుగు రోజులూ వాన పడకూడదు. మన దగ్గర సంక్రాంతి ముందు ఈ మూడూ కలిసివస్తాయి కాబట్టి ఊరి బయట ఓ చదునైన జాగా, పేడతో అలికిన నేల ఉంటే రైతుకు సరిపోయింది. ఇంగ్లండు రైతుకు ఆ భాగ్యం లేదు. ఆగస్టులో కోసిన గోధుమ, బార్లీ పనలు ఇల్లు చేరే లోపే వానలు మొదలవుతాయి. ఆపైన వచ్చే చలికాలంలో ఆరుబయట గింజ రాల్చడం కుదిరే పని కాదు. అందుకని అక్కడివాళ్లు కళ్లాన్నే గోడల మధ్యకు తెచ్చుకుని పైన కప్పు వేశారు. వాళ్లు బార్న్ అని పిలిచే కట్టడానికి మూలం ఇదే. దాన్ని గాదె అనో గోదాము అనో అనువదిస్తే సగం అర్థం పోతుంది. గింజను దాచడం దాని రెండో పని. మొదటి పని గింజను తీయడం.

ఈ ఒక్క సంగతి పట్టుకుంటే కట్టడంలో ఏది ఎందుకు ఉందో చదువుకుంటూ పోవచ్చు. పొడవాటి గోడల మధ్యలో ఎదురెదురుగా రెండు తలుపులు. ఒకటి పనలు నింపిన బండి లోపలికి వచ్చేంత ఎత్తు. ఎదుటిది చాలాచోట్ల పొట్టిది, ఖాళీ బండి బయటికి పోవడానికి అది చాలు. రెండింటి మధ్య ఓక్ పలకలో, రాతి బండలో పరిచిన నేల, అదే కళ్లం. దానికి అటూ ఇటూ పనలు పేర్చే అరలు. చలికాలమంతా కూలీలు రోజుకిన్ని పనలు దించి, విప్పి పరిచి, తోలు ముక్కతో కలిపిన జంట కర్రలతో బాదేవారు. తరువాత తలుపులు రెండూ బార్లా తీస్తే ఈ వైపు గాలి ఆ వైపుకు దూసుకుపోతుంది. ఆ గాలిలో ఎగరేస్తే పొట్టు పోతుంది, గింజ నిలుస్తుంది. మన తూర్పారబట్టడమే, కాకపోతే ఇంటి కప్పు కింద.

తలుపు నేల దాకా రాదు. అడుగున కొంత ఖాళీ ఉంచి, అందులో పైనుంచి జారవిడిచే పలకలు పెట్టేవారు. బాదుతుంటే ఎగిరే గింజలు బయటికి పోకుండా, బయటి కోళ్లు, పందులు లోపలికి రాకుండా ఆ ఏర్పాటు. పలకలు ఎప్పుడో పోయినా ద్వారబంధాల్లో అవి దిగే గాడులు చాలా బార్న్‌లలో ఇప్పటికీ కనిపిస్తాయి. పాత కట్టడాల వయసు తేల్చడానికి వచ్చేవాళ్లు ముందు దూలాల వంక చూస్తారు కానీ, ఆ కట్టడం ఏం పని చేసిందో చెప్పేవి ఈ గాడులే.

ఈ జాతిలో పెద్దన్న లాంటిది ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని గ్రేట్ కాక్స్‌వెల్ బార్న్. సిస్టర్షియన్ అనే శాఖకు చెందిన క్రైస్తవ సన్యాసుల బ్యూలీ మఠానికి 13వ శతాబ్దం మొదట్లో జాన్ రాజు ఇచ్చిన భూముల మీద పండిన పంట కోసం కట్టింది. దూలాల్లోని వయసు వలయాలు లెక్కపెట్టి చూస్తే ఆ చెట్లు కొట్టింది 1290ల ఆరంభంలో అని తేలింది. పొడవు 46 మీటర్లు, వెడల్పు 13, ఎత్తు 15. గోడలు కాట్స్‌వోల్డ్ సున్నపురాయి, కప్పు కూడా రాతి పెంకులే. లోపల ఓక్ స్తంభాలు నేల మీద నిలబడలేదు. మనిషి ఎత్తున్న రాతి దిమ్మెల మీద నిలబడ్డాయి. నేల చెమ్మ కర్రకు ఎక్కకూడదని 700 ఏళ్ల కిందటి వడ్రంగి పడిన జాగ్రత్త అది, ఆ స్తంభాలు ఇంకా గట్టిగా ఉండటానికి ముఖ్యకారణం కూడా అదే. సమీపంలోని కెల్మ్‌స్కాట్‌లో కాపురమున్న కవి, కళాకారుడు విలియం మోరిస్‌కు ఈ బార్న్ అంటే ప్రాణం. 1877లో పాత కట్టడాల పరిరక్షణకు ఒక సంఘం పెట్టింది ఆయనే.

ఇలాంటి పెద్ద బార్న్‌లన్నిటినీ దశమభాగం బార్న్‌లు అనేయడం ఇంగ్లండులో పాత అలవాటు. ఊరి రైతులు పంటలో పదో వంతు చర్చికి ఇచ్చేవారు, ఆ ధాన్యం దాచే బార్న్‌లు నిజంగానే ఉండేవి. కానీ కాక్స్‌వెల్ అలాంటిది కాదు. విల్ట్‌షైర్‌లోని బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్‌లో 51 మీటర్ల పొడవున్న 14వ శతాబ్దపు బార్న్ కూడా కాదు. అవి మఠాల సొంత సేద్యానికి కట్టుకున్నవి. పేరు తప్పయితే కథ కూడా తప్పుతుంది. ఊరి మీద వసూలు చేసిన పన్నుకూ, పెద్ద కమతం నడిపిన లెక్కకూ తేడా ఉంది.

రాయి ఎక్కడ దొరికితే అక్కడ రాతి బార్న్. తూర్పు ఇంగ్లండులో మంచి కట్టుబడి రాయి అరుదు. నార్ఫోక్ పొలాల్లో నాగలికి తగిలేది చెకుముకి రాయి, తవ్వితే వచ్చేది ఇటుకకు పనికొచ్చే బంకమట్టి. కాబట్టి గోడ ఒళ్లంతా చెకుముకి రాళ్లు, మూలలకూ ద్వారాలకూ ఇటుకో, దూరం నుంచి కొని తెచ్చిన రాయో. చెకుముకి రాయి గుండ్రంగా, గాజులా ఉంటుంది. దానితో నిటారైన మూల తీయడం ఏ మేస్త్రీ వల్లా కాదు. పాస్టన్ గ్రామంలో విలియం పాస్టన్ 1581లో కట్టించిన బార్న్ దాదాపు 70 మీటర్ల పొడవుంటుంది, కప్పు రెల్లు గడ్డి. ఇంత పొడవు కట్టడంలో పంట అవసరం ఎంత, దర్పం ఎంత అని అడిగితే దర్పం పాలే కాస్త ఎక్కువని చెప్పాలి.

18వ శతాబ్దం వచ్చేసరికి పూర్తి ఇటుక బార్న్‌లు పెరిగాయి. రాతి గోడలో గాలి కోసం సన్నటి నిలువు చీలికలు పెట్టేవారు. బయట నాలుగు వేళ్ల వెడల్పు, లోపలికి వచ్చేకొద్దీ విచ్చుకుంటూ. వాన జల్లు లోపలికి రాదు, గాలి మాత్రం వస్తుంది. ఇటుకలో ఆ పని ఇంకా తేలిక. వరుసలో అక్కడక్కడా ఒక్కో ఇటుక వదిలేస్తే చాలు. ఆ ఖాళీలనే వజ్రం ఆకారంలో, త్రికోణంలో కూర్చి గోడకు జాలీ అందం తెచ్చారు మేస్త్రీలు. ఎలుకలు పట్టే గుడ్లగూబ వచ్చి పోవడానికి చివరి గోడ పైభాగంలో ఒక రంధ్రం. కూలి లేని కాపలాదారు. 1784లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధపు అప్పులు తీర్చడానికి ప్రభుత్వం ఇటుకల మీద వెయ్యికి ఇంత అని పన్ను వేసింది. లెక్క వెయ్యికి కాబట్టి కొందరు ఇటుకనే పెద్దది చేశారు. పన్ను 1850 దాకా నడిచింది. ఇటుక కొలత చూసి గోడ కాలాన్ని ఊహించవచ్చు అనడానికి అది ఒక ఆధారం, ఒక్కదాన్నే నమ్ముకుంటే మాత్రం మోసపోతారు.

అసలు దెబ్బ పన్నుతో రాలేదు. స్కాట్లండుకు చెందిన ఆండ్రూ మైకిల్ 1780లలో నూర్పిడి యంత్రం తయారుచేశాడు. గుర్రాలు తిప్పే ఆ యంత్రం చలికాలమంతా సాగే పనిని కొద్ది రోజులకు తెచ్చింది. ఆ కాలంలో కూలీకి చలికాలపు తిండి ఈ నూర్పిడి మీదే ఆధారపడి ఉండేది. 1830 ఆగస్టు చివర కెంట్ ప్రాంతంలో కూలీలు యంత్రాలు పగలగొట్టడం మొదలుపెట్టారు. అది దక్షిణ, తూర్పు ఇంగ్లండంతా పాకింది. ప్రభుత్వం కొందరిని ఉరి తీసింది, వందల మందిని ఆస్ట్రేలియాకు పంపేసింది. యంత్రాలు ఆగలేదు. బార్న్‌కు పుట్టుకతో వచ్చిన పని పోయింది అక్కడే. ఆవిరి యంత్రం పొలంలోనే నూర్చడం మొదలయ్యాక ఎదురెదురు తలుపులకూ, మధ్య కళ్లానికీ అర్థమే లేదు. అయినా కట్టడం నిలిచింది. పశువులను కట్టారు, దాణా కోశారు, దుంపలు పోశారు, బండ్లు పెట్టారు. పని మారుతూ ఉన్నంతకాలం కప్పు మీద పెంకు జారితే ఎవరో ఒకరు నిచ్చెన వేశారు.

ఉత్తరాన యార్క్‌షైర్ డేల్స్‌లో కథ వేరు. అక్కడ గోధుమ పండదు, గడ్డి పండుతుంది. స్వేల్‌డేల్ లోయలో మ్యూకర్, గన్నర్‌సైడ్ ఊళ్ల దగ్గర నిలబడి చూస్తే పచ్చిక మడులను సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలు విడదీస్తుంటాయి. దాదాపు మడికొకటి చొప్పున బూడిదరంగు రాతి కొట్టం. ఊళ్లో కట్టకుండా ఇన్ని కొట్టాలు పొలాల మధ్య ఎందుకు కట్టారన్నది ఎవరికైనా వచ్చే ప్రశ్న. జవాబు బరువులో ఉంది. నిటారు వాలు, బండి దారి లేదు. కోసిన గడ్డిని ఊళ్లోకి మోసి, మళ్లీ పేడను పొలానికి మోయడం కన్నా ఆవునే గడ్డి దగ్గరికి తోలడం మేలు. ఆవు తన కాళ్ల మీద తాను నడుస్తుంది, గడ్డీ పేడా నడవలేవు. జులై, ఆగస్టుల్లో కోసిన గడ్డి ఆ మడిలోని కొట్టంలోకే చేరేది. నవంబరు నుంచి మే దాకా నాలుగో ఆరో ఆవులు అక్కడే ఉండి దాన్ని తినేవి. వాటి పేడ మళ్లీ ఆ మడికే ఎరువు. రైతు మాత్రం రోజుకు రెండు పూటలా మంచులో కొట్టం నుంచి కొట్టానికి నడవాలి, పాలు తీసి వీపుకు తగిలించుకున్న తగరపు డబ్బాలో మోసుకురావాలి.

ఆ కొట్టంలోకి వెళ్తే ఒక చివర పశువుల అరలు. రెండేసి ఆవులకు ఒక అర, మధ్యలో నిలువుగా పాతిన బండ లేదా చెక్క పలక. మెడలు రాసుకుని పలక అంచులు గుండ్రంగా అరిగి ఉంటాయి. పేడ నెట్టడానికి గోడలో ఓ చదరపు కన్నం. మిగతా చోటంతా నేల నుంచి కప్పు దాకా ఎండుగడ్డికి, ఆవుల నెత్తిన అటక మీద కూడా గడ్డే. గోడ రెండడుగుల మందం. నిజానికి అది రెండు గోడలు, మధ్యలో రాతి ముక్కలూ మట్టీ కూరినవి. ఆ రెంటినీ కలిపి పట్టి ఉంచేందుకు అక్కడక్కడా అడ్డంగా పొడవాటి రాళ్లు వేస్తారు. ఆ రాళ్ల కొసలు బయటి ముఖం మీద వరుసగా పొడుచుకొచ్చి కనిపిస్తాయి. చూసేవాళ్లు అలంకారం అనుకుంటారు. ఆ వరుస లేకపోతే గోడ ఎప్పుడో పొట్ట పగిలి కూలేది. కప్పుకు రాతి పలకలు, చూరు దగ్గర పెద్దవి, శిఖరం వైపు పోయేకొద్దీ చిన్నవి, ఓక్ మేకులకు వేలాడుతూ.

ఇలాంటి పొలం కొట్టాలు డేల్స్ జాతీయ ఉద్యానవనంలో వేలల్లో ఉన్నాయి. పని ఉన్నవి కొద్ది. 20వ శతాబ్దం రెండో సగంలో మూడు మార్పులు కలిసి వచ్చాయి. గడ్డిని ఎండబెట్టే బదులు పచ్చిగా మాగబెట్టడం, పశువులన్నిటినీ ఊరి దగ్గర ఒకే పెద్ద రేకుల షెడ్డులో కట్టడం, పెద్ద జాతి పశువులు రావడం. చిన్న షార్ట్‌హార్న్ ఆవు కొలతకు కట్టిన అరలో ఫ్రాన్సు నుంచి వచ్చిన లిమోసిన్ ఆవు పట్టదు. తలుపులో ట్రాక్టరు పట్టదు. 1930ల నుంచి ఇంగ్లండు, వేల్స్‌లలో పూల పచ్చికల్లో దాదాపు 97 శాతం పోయాయని చెప్పే లెక్కకూ, ఈ కొట్టాలు ఖాళీ కావడానికీ కారణం ఒక్కటే. ఆ సేద్యమే పోయింది.

ఖాళీ కొట్టం వెంటనే పడదు. ముందు ఓక్ మేకు కుళ్లి ఒక రాతి పలక జారుతుంది. కింద పట్టె తడుస్తుంది, ఆ తడి దూలం కొసకు పాకుతుంది. దూలం కొస గోడలో పాతి ఉంటుంది కాబట్టి అక్కడ గాలి ఆడదు. మధ్యలో ఇనుములా ఉన్న దూలం గోడలోని జానెడు భాగంలో మాత్రం పొడిపొడిగా అవుతుంది. అది విరిగితే కప్పు ఆ చోట కుంగుతుంది, టన్నుల కొద్దీ రాయి గోడను బయటికి తోస్తుంది. కప్పు పోయాక గోడ నెత్తి తెరుచుకుంటుంది. వాన లోపలి మట్టిని కడిగేస్తూ రెండు పొరల మధ్య బోలు చేస్తుంది. ఇన్నేళ్ల ఈ వ్యవహారంలో మొదటి పలక జారిన రోజు ఒక మనిషి ఒక పూట పని చేసి ఉంటే సరిపోయేది. కొన్నిసార్లు పలక తానుగా జారదు. పాత రాతి పలకలకు కొత్త ఇళ్లవాళ్లు మంచి ధర పెడతారు కాబట్టి రాత్రిళ్లు దొంగలు దించుకుపోతుంటారు.

నిర్లక్ష్యం కన్నా కొన్నిచోట్ల మరమ్మతే ఎక్కువ చెరుపు చేసింది. పాత గోడలన్నీ సున్నంతో కట్టినవి, కొన్ని కేవలం మట్టితో. సున్నపురాయిని 900 డిగ్రీల వేడిలో కాల్చి, నీళ్లు పోసి చల్లార్చి, ఇసుక కలిపి వాడితే అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. మెత్తగా ఉంటుంది, గోడ కదిలితే తానూ కాస్త కదులుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, గోడలోకి చేరిన చెమ్మ దాని గుండా బయటికి ఆరిపోతుంది. రాయి మిగలాలి, సున్నం అరగాలి. అరిగితే మళ్లీ పెట్టుకోవచ్చు. లీడ్స్ తాపీపనివాడు జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. ఇప్పటి సిమెంటుకు అది దూరపు పూర్వరూపమే అయినా, ఈ కొట్టాలున్న యార్క్‌షైర్ నుంచే ఆ పేరు పుట్టడం ఓ విడ్డూరం. 20వ శతాబ్దంలో రాళ్ల సందులన్నీ సిమెంటుతో పూడ్చడం బాధ్యత గల రైతు లక్షణం అనిపించుకుంది.

ఫలితం ఇటుక గోడ దగ్గర మోకాలి మీద కూర్చుని చూస్తే తెలుస్తుంది. చేత్తో పోసి కట్టెల బట్టీలో కాల్చిన పాత ఇటుకకు పైన గట్టి పొర, లోపల మెత్తదనం. సందుల్లో సిమెంటు బిగిశాక చెమ్మ బయటికి పోవడానికి మిగిలిన దారి ఇటుక ముఖం ఒక్కటే. చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, పై పొర రేకులా ఊడిపోతుంది. మరుసటి ఏడు ఇంకొంచెం. కొన్నేళ్లకు ఇటుకలు అంగుళం లోపలికి అరిగిపోయి, చుట్టూ సిమెంటు గీతలు మాత్రం తేనెపట్టు గదుల గోడల్లా నిలబడి ఉంటాయి. బతకాల్సింది పోయి, పోవాల్సింది బతికింది. డంగుసున్నంతో కట్టిన మన పాత మిద్దెలకు సిమెంటు పూత పూసి, తరువాత గోడ చెమ్మెక్కిందని మళ్లీ సిమెంటే పూసే వైద్యం తెలిసినవారికి ఇందులో కొత్తేమీ కనిపించదు.

పశువుల కొట్టాలకు ఇంకో రోగం ఉంది. తరాల తరబడి గోడ అడుగున పడిన మూత్రం నుంచి సూరేకారం పుడుతుంది. 16, 17 శతాబ్దాల్లో తుపాకి మందు కోసం రాజు మనుషులు గుర్రపుశాలల, పావురాల గూళ్ల నేలలు తవ్వుకుపోయింది దానికోసమే. గోడలో మిగిలింది చెమ్మతో పాటు పైకి వచ్చి, ఆరినప్పుడు స్ఫటికాలుగా గట్టిపడి రాయిని లోపలి నుంచి నలుపుతుంది. అలాంటి కొట్టాన్ని ఇల్లుగా మార్చి హీటర్లు పెట్టాక మొదటి శీతాకాలంలోనే కొత్త పూత మీద తెల్లటి బూజులా ఉప్పు పూస్తుంది.

ఇల్లుగా మార్చడమే ఇప్పుడు అసలు తగవు. చారిత్రక కట్టడాల రక్షిత జాబితాలోని బార్న్‌ను పడగొట్టడానికి అనుమతి కావాలి, కానీ దాన్ని బాగుచేస్తూ ఉండాలన్న సాధారణ బాధ్యత చట్టంలో లేదు. మరీ పాడైతే మాత్రం స్థానిక అధికారులు నోటీసు ఇవ్వగలరు. దానివల్ల పైసా రాబడి లేని రైతు కప్పు మీద వేల పౌండ్లు ఎందుకు పోస్తాడు? 2014లో బ్రిటన్ ప్రభుత్వం ఇంగ్లండులోని వ్యవసాయ కట్టడాలను పూర్తిస్థాయి అనుమతి లేకుండానే ఇళ్లుగా మార్చుకునే వీలు ఇచ్చింది. 2024లో ఆ వీలును ఒక్కో కమతానికి పది ఇళ్ల దాకా పెంచింది. రక్షిత జాబితాలో ఉన్నవాటికీ, జాతీయ ఉద్యానవనాల్లోని వాటికీ ఇది వర్తించదు. డేల్స్ అధికారులు తమ సొంత విధానంలో దారి పక్కనున్న కొట్టాలకు మాత్రం తలుపు కాస్త తెరిచారు. పొలం నడుమ ఉన్నవాటికి రోడ్డు, కరెంటు తీగ, కారు నిలిపే చోటు, బట్టలు ఆరేసే తాడు వస్తే కొట్టం మిగిలినా లోయ మిగలదన్నది వాళ్ల భయం. అది ఒట్టి భయమని కొట్టిపారేయలేం.

ఇల్లు నిజానికి బార్న్‌కు అన్నిటికన్నా కుదరని పని. దాని గొప్పదనమంతా ఒకే ఒక పెద్ద గది, కిటికీలు లేని పొడవాటి గోడ. ఇంటికి కావలసింది పడకగదులు, కిటికీలు. మధ్యలో అంతస్తు వేస్తే దూలాలు మంచం పక్కకు వస్తాయి, కప్పుకు అద్దాలు పెడితే రాతి పలకల వరుస తెగుతుంది, బండి తలుపు గాజు గోడ అవుతుంది. వడ్రంగి శాల, పాడి వస్తువుల కొట్టు, నడక యాత్రికులు రాత్రి తలదాచుకునే బస, ఆఖరికి పెళ్లి మండపం అయినా ఇంతకన్నా నయం. అవి గదిని గదిగా ఉంచుతాయి. అయితే ఆ పనులన్నిటి రాబడీ కలిపినా ఇంటి ధరకు సాటిరాదు. కాబట్టి డబ్బు ఎటు మొగ్గుతుందో చెప్పనక్కరలేదు.

మూడో దారి, ఏ పనీ పెట్టకుండా ప్రజల డబ్బుతో కప్పు మాత్రం నిలబెట్టడం. స్వేల్‌డేల్, ఆర్కెన్‌గార్త్‌డేల్ లోయల కొట్టాలనూ గోడలనూ కలిపి 1989లో సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. 2018లో మొదలైన ఒక ప్రయోగ పథకం డేల్స్ సహా ఐదు జాతీయ ఉద్యానవనాల్లో పాత వ్యవసాయ కట్టడాల మరమ్మతు ఖర్చులో 80 శాతం దాకా భరించింది. దాని ప్రకారం పని సున్నంతో, స్థానిక రాయితో జరగాలి, కట్టడం వ్యవసాయానికే ఉండాలి. సాయం అందిన కొట్టాలు నిక్షేపంగా ఉన్నాయి. కొట్టాల సంఖ్య ముందు అలాంటి పథకాల చేయి చిన్నది.

నార్ఫోక్‌లోని పాస్టన్ బార్న్‌కు మాత్రం ఎవరూ వెతికిపెట్టకుండానే కొత్త కాపురస్తులు దొరికారు. బ్రిటన్‌లో చాలా అరుదైన బార్బస్టెల్ గబ్బిలాలు వేసవిలో అక్కడ గుంపుగా చేరి పిల్లలు పెడతాయి. దానివల్లే ఆ కట్టడానికి ఐరోపా స్థాయి ప్రకృతి రక్షణ దక్కింది. కప్పు బాగుచేయాలన్నా వాటి కాలం చూసుకుని చేయాలి. అవి ఉండే చోటు చిత్రమైనది. బండి తలుపుల నెత్తిన పక్కపక్కనే వేసిన ఓక్ దూలాలు నాలుగు శతాబ్దాలలో ఎండి కుంచించుకుపోగా వాటి మధ్య ఏర్పడిన సన్నటి సందులు. మరమ్మతుకు వచ్చిన ఏ మేస్త్రీ అయినా ముందు పూడ్చేది అలాంటి సందునే. పాస్టన్‌లో దాన్ని పూడ్చడానికి ఇప్పుడు చట్టం ఒప్పుకోదు.